లైనక్స్‌లో నెట్ రావట్లేదండి: గోదావరి జిల్లాల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

పాలకొల్లు, నరసాపురం, రాజోలు చుట్టుపక్కల పాత కంప్యూటర్లకి విండోస్ బదులు ఉబుంటో మింటో (రెండూ లైనక్స్ రకాలే) వేసి ఇస్తుంటాను. వేసిన వారానికల్లా ఫోన్ వస్తుంది. ప్రింటర్ గురించి తక్కువ, తెలుగు టైపింగ్ గురించి ఇంకా తక్కువ, నెట్ గురించే ఎక్కువ. చెప్పిందే చెప్పి గొంతు పోతోందని ఇలా ఒకచోట పెట్టాను. మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి, మొదట్నుంచీ చదవక్కర్లేదు.

కమాండ్లు ఫోన్‌లో చెప్పినట్టే తెలుగులో రాశాను. టైపు చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలే. పెద్దబడి కావాల్సిన చోట అక్కడే చెప్పాను.

## ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవడం

నెట్ రావట్లేదండి. లైనక్స్ వల్లా, లైను వల్లా?

కంప్యూటర్ ముట్టుకోకముందు గోడకున్న ఫైబర్ బాక్సు చూడండి. ఎల్ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్‌లో వెలుతురు బాక్సు దాకా రావట్లేదు. ఎక్కడో వైరు తెగింది లేదా నలిగింది. అప్పుడు మీరు లైనక్స్‌లో ఏం మార్చినా లాభం లేదు, ఆపరేటర్‌కి ఫోన్ చేయండి.

లైట్లు బాగుంటే ఫోన్ తీసి అదే వైఫైకి కలిపి ఏదైనా సైటు తెరవండి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు: మొబైల్ డేటా ఆపకుండా చూస్తారు. ఫోన్ గుట్టుగా సిమ్ నెట్ వాడుకుంటుంది, మనమేమో "ఫోన్‌లో వస్తోందండి, కంప్యూటరే పాడు" అంటాం. డేటా ఆపేసి చూడండి. ఫోన్‌లోనూ రాకపోతే తప్పు లైనుది, లేదా రౌటర్‌ది. ఫోన్‌లో వచ్చి కంప్యూటర్‌లో రాకపోతే అప్పుడు తప్పు కంప్యూటర్‌లో వెతకాలి.

కంప్యూటర్‌లో ఎంతదాకా వెళ్తోందో తెలియాలంటే మూడు మెట్లు. టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే తెర, ఎలా తెరవాలో కింది ప్రశ్నలో ఉంది) "పింగ్" అని కొట్టి, స్పేస్ ఇచ్చి, రౌటర్ నంబరు ఇవ్వండి. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1. జవాబు వస్తే ఇంట్లో దారి బాగుంది. తర్వాత అలాగే 8.8.8.8 కి, అది బయట ఉన్న గూగుల్ వాళ్ల నంబరు. జవాబు వస్తే ఇంటి బయటికి కూడా దారి ఉంది. ఆఖర్న ఏదైనా సైటు పేరుకి. నంబరుకి వచ్చి పేరుకి రాకపోతే అది డీఎన్ఎస్ (సైటు పేరుని నంబరుగా మార్చేది) గొడవ. పింగ్ తనంతట తను ఆగదు, కంట్రోల్ పట్టుకుని సి నొక్కితే ఆగుతుంది.

టెర్మినల్ అంటే భయమండి. అది లేకుండా కుదరదా?

సగం పనులు కుదురుతాయి. కుడిచేతి పైమూలనో కిందమూలనో నెట్‌వర్క్ గుర్తు నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్తే పాస్‌వర్డ్ మార్చడం, ఐపీ, డీఎన్ఎస్ అన్నీ అక్కడే ఉంటాయి. కానీ ఆ తెర "కనెక్షన్ ఫెయిల్డ్" అని చెప్పి ఊరుకుంటుంది, ఎందుకో చెప్పదు. ఎందుకో తెలియాలంటే కంట్రోల్, ఆల్ట్, టి మూడూ కలిపి నొక్కి టెర్మినల్ తెరవక తప్పదు. చూడ్డానికి మాత్రమే ఇచ్చే కమాండ్ వల్ల ఏదీ పాడవదు. సిస్టమ్ పాడయ్యేది ఎక్కువగా "సుడో" (ఎస్, యు, డి, ఓ; పూర్తి అధికారంతో నడపమని) అని మొదలయ్యే వాటితో, అవి అర్థం చేసుకుని కొట్టండి.

"ఐపీ ఏ" అని కొడితే చాంతాడంత వచ్చింది. అందులో ఏం చూడాలి?

అంటే మీరు కొట్టింది ఐ, పి, స్పేస్, ఏ. అందులో నంబర్లు వేసి రెండు మూడు పేరాలుంటాయి. "ఎల్ ఓ" అని ఉన్నది కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకునే దారి, దాన్ని వదిలేయండి. "ఈ ఎన్" లేదా "ఈ టీ హెచ్" అని మొదలయ్యేది కేబుల్ పెట్టే పోర్టు. "డబ్ల్యూ ఎల్" అని మొదలయ్యేది వైఫై.

డబ్ల్యూ ఎల్ పేరా అసలు లేకపోతే వైఫై కార్డుకి డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) లేదు. ఈ ఎన్ పేరాలో "నో క్యారియర్" అని ఉంటే కేబుల్ అవతలి వైపు నుంచి సిగ్నల్ లేదు. ఇక "ఐనెట్" అని మొదలయ్యే లైను వెతకండి. దాని పక్కన 192.168 తో గానీ 10 తో గానీ మొదలయ్యే నంబరుంటే రౌటర్ మీకు అడ్రసు ఇచ్చింది. ఐనెట్ లైను లేకపోయినా, 169.254 తో మొదలైనా, రౌటర్ అడ్రసు ఇవ్వలేదు. "ఐనెట్ 6" అనేది వేరే, దాన్ని చూసి అడ్రసు వచ్చిందనుకోకండి.

## లైనక్స్ కొత్తగా వేసిన రోజు

కొత్తగా మింట్ వేశానండి. అసలు వైఫై గుర్తే కనిపించట్లేదు.

డ్రైవర్ లేదు. ఇంటెల్ కార్డయితే సాధారణంగా ఈ బాధ రాదు. బ్రాడ్‌కామ్ కార్డులు, రియల్‌టెక్‌లో కొన్ని రకాలు సతాయిస్తాయి. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదన్నట్టు. దీనికి మందు మీ జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ని చార్జింగ్ వైరుతో కంప్యూటర్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ దగ్గర "యూఎస్‌బీ టెదరింగ్" ఆన్ చేయండి. లైనక్స్ దాన్ని కేబుల్ నెట్ అనుకుని వెంటనే వాడుకుంటుంది, ఏ డ్రైవరూ అడగదు. వైరు మాత్రం డేటా వైరై ఉండాలి. బజార్లో 50 రూపాయలకి దొరికేవాటిలో చార్జింగ్‌కే తప్ప డేటాకి తీగలు లేనివి ఉంటాయి.

నెట్ వచ్చాక మింట్‌లో "డ్రైవర్ మేనేజర్", ఉబుంటులో "అడిషనల్ డ్రైవర్స్" తెరిస్తే మీ కార్డుకి ఏం కావాలో అదే చూపిస్తుంది. దాన్ని ఎంచుకుని ఇన్‌స్టాల్ చేయండి.

ఇక్కడ ఇంకో మెలిక. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌ని అడ్డుకునే రక్షణ) ఆన్‌లో ఉన్న లాప్‌టాప్‌లో డ్రైవర్ వేసేటప్పుడు ఒక కొత్త పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అవగానే నీలం తెర వస్తుంది. పది సెకన్లలో మీరేమీ నొక్కకపోతే తన దారిన తను బూట్ అయిపోతుంది, డ్రైవర్ పనిచేయదు. ఆ తెర రాగానే ఏదో ఒక కీ నొక్కి, "ఎన్‌రోల్" అని మొదలయ్యే లైను ఎంచుకుని, కంటిన్యూ, ఎస్ అని, ఇందాక పెట్టిన పాస్‌వర్డే ఇవ్వాలి. నేను వెళ్లి చూసిన "డ్రైవర్ వేసినా రాలేదండి" కేసుల్లో చాలావాటికి కారణం ఈ నీలం తెరే. భయపడి కంటిన్యూ బూట్ నొక్కేస్తారు.

డెబియన్ (ఇదీ ఒక లైనక్స్ రకమే) వేసేవాళ్లకి ఒక మాట. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి కార్డులకి కావలసిన ఫర్మ్‌వేర్‌ని (కార్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు. అంతకు ముందుది వేస్తూ తంటాలు పడకండి.

విండోస్, లైనక్స్ రెండూ ఉన్నాయి. విండోస్‌లో వైఫై వస్తోంది, లైనక్స్‌లోకి రాగానే పోతోంది.

విండోస్‌లో "షట్‌డౌన్" నొక్కితే నిజంగా ఆగదు, సగం నిద్రలోకి వెళ్తుంది. దాన్ని ఫాస్ట్ స్టార్టప్ అంటారు. ఆ నిద్రలో కొన్ని వైఫై కార్డుల్ని వదిలిపెట్టదు, లైనక్స్ వచ్చి లేపినా అవి లేవవు. తేల్చుకోవడానికి విండోస్‌లో షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ కొట్టి నేరుగా లైనక్స్‌లోకి రండి. వైఫై వస్తే రోగం అదే. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్ల సెట్టింగ్‌కి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి.

ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంది అంటోంది. నేను పెట్టలేదండి, తీస్తే పోవట్లేదు.

పిల్లలు కీబోర్డు మీద విమానం బొమ్మ ఉన్న కీ నొక్కి ఉంటారు. ఎఫ్ఎన్ పట్టుకుని అదే కీ మళ్లీ నొక్కండి. పోకపోతే టెర్మినల్‌లో "ఆర్ ఎఫ్ కిల్" కలిపి కొట్టి, స్పేస్ ఇచ్చి "లిస్ట్" కొట్టండి. వైఫై కింద రెండు లైన్లుంటాయి. సాఫ్ట్ బ్లాక్డ్ దగ్గర ఎస్ (అవును అని) ఉంటే "సుడో ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై" అని కొడితే తెరుచుకుంటుంది. హార్డ్ బ్లాక్డ్ దగ్గర ఎస్ ఉంటే కమాండ్‌తో పని జరగదు. పాత లాప్‌టాప్‌లకి అంచున చిన్న జారుడు స్విచ్చు ఉంటుంది, గోరుతో జరపాలి. ఒక మాస్టారి లాప్‌టాప్‌కి ఈ స్విచ్చు కోసం గంటసేపు వెతికాను. చివరికి అది స్టిక్కర్ కింద ఉంది.

యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొన్నానండి. పెట్టగానే సీడీ లాగా కనిపిస్తోంది, వైఫై రాదు.

ఆ డాంగిల్ లోపల విండోస్ డ్రైవర్ పెట్టి, ముందు సీడీలా కనిపించేట్టు చేస్తారు. ఫైల్ మేనేజర్‌లో ఆ సీడీ మీద రైట్ క్లిక్ చేసి "ఎజెక్ట్" కొట్టండి. చాలావాటిలో అప్పుడు అసలు వైఫై రూపం బయటికొస్తుంది. ఇంకా కొనలేదంటే మాత్రం డబ్బా మీద "లైనక్స్ సపోర్ట్" అన్న మాటని నమ్మకండి. షాపువాడిని అడిగి అక్కడే మీ లాప్‌టాప్‌కి పెట్టి చూసుకుని డబ్బులివ్వండి.

## వైఫై కనిపిస్తోంది, కుదురుగా లేదు

పాస్‌వర్డ్ కరెక్టే. కొట్టిన ప్రతిసారీ మళ్లీ అడుగుతోంది.

ముందు ఆ పేరు మీద ఉన్న పాత కనెక్షన్ని "ఫర్గెట్" కొట్టి తీసేసి కొత్తగా కలపండి. రౌటర్ మార్చి పేరు అదే ఉంచినప్పుడు లైనక్స్ పాత లెక్కలే పట్టుకుని కూర్చుంటుంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు కంటి బొమ్మ నొక్కి కనపడేలా కొట్టండి. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉండిపోయి చుక్కల వెనకాల "అఆఇఈ" పడుతున్న సందర్భాలు చూశాను.

అప్పటికీ అడిగితే రౌటర్‌లో సెక్యూరిటీ ఏముందో చూడండి. కొత్త రౌటర్లలో డబ్ల్యూపీఏ 3 ఉంటుంది. పదేళ్ల నాటి కార్డులకి అది అర్థం కాదు, పాస్‌వర్డ్ తప్పన్నట్టే ప్రవర్తిస్తాయి. రౌటర్‌లో డబ్ల్యూపీఏ 2, ఏఈఎస్ అని పెడితే కలుస్తుంది. డబ్ల్యూఈపీ అనే పాత రకానికి మాత్రం దిగకండి. అది తలుపు తీసి పడుకోవడమే.

హాల్లో బాగానే వస్తుంది, వెనక గదిలో ఫోన్‌కి వస్తుంది గానీ లాప్‌టాప్‌కి రాదు.

మన పాత పెంకుటిళ్ల గోడలు మూరెడు మందం. 5 గిగాహెర్ట్‌జ్ సిగ్నల్ అలాంటి గోడ ఒకటి దాటేసరికే నీరసపడుతుంది, 2.4 ఇంకొంచెం ముందుకు వెళ్తుంది. రౌటర్‌లో రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి, వెనక గదిలో 2.4 పేరుకే కలపండి. రౌటర్ బీరువా పక్కనో ఫ్రిజ్ మీదో ఉంటే జరపండి. ఇనప బీరువా వెనక సిగ్నల్ ఉండదు.

ఫోన్‌కి నాలుగు గీతలు వచ్చేచోట లాప్‌టాప్‌కి ఒక్కటే వస్తుంటే, ఆ లాప్‌టాప్ ఈమధ్య రిపేరుకి వెళ్లిందా అని గుర్తు తెచ్చుకోండి. వైఫై కార్డుకి బియ్యపుగింజంత కొక్కేలతో రెండు సన్నటి వైర్లు తగిలించి ఉంటాయి, స్క్రీన్ చుట్టూ తిరిగే యాంటెనా అదే. రిపేరులో అవి ఊడి, తిరిగి పెట్టడం మర్చిపోతారు. రౌటర్ పక్కన కూర్చుంటే మాత్రమే వైఫై వస్తుంటే దాదాపు ఇదే కారణం. వెనక మూత తీసి నొక్కితే టిక్కుమని కూర్చుంటుంది.

పక్కింటివాళ్ల వైఫైలన్నీ కనిపిస్తాయి, మాది కనిపించదు.

రెండు కారణాలు ఉండొచ్చు. మీ రౌటర్ 5 గిగాహెర్ట్‌జ్ ఒక్కదాంట్లోనే పేరు పంపుతూ, మీ కార్డు 2.4 మాత్రమే అందుకునేదైతే ఎప్పటికీ కనపడదు. రౌటర్‌లో 2.4 కూడా ఆన్ చేయాలి. రెండోది, రౌటర్ 12 లేదా 13వ చానెల్ మీదుంటే కొన్ని కార్డులు అటు చూడవు. మన దేశంలో ఆ చానెళ్లు వాడొచ్చు గానీ, ఏ దేశంలో ఉందో తెలియని కార్డు జాగ్రత్త కోసం వాటిని వదిలేస్తుంది. రౌటర్‌ని 1, 6, 11లో ఒకదానికి మార్చండి. ఒకదాని మీద ఒకటి పడని చానెళ్లు కూడా ఈ మూడే.

వైఫై ఐదు నిమిషాలకోసారి తెగుతోందండి. మళ్లీ తనే కలుస్తుంది. వీడియో క్లాసులో టెన్షన్.

చాలాసార్లు ఇది కరెంటు పొదుపు గొడవ. బ్యాటరీ మిగల్చడానికి లైనక్స్ వైఫై కార్డుని మధ్యమధ్యలో కునుకు తీయమంటుంది, కొన్ని కార్డులు కునుకులోంచి సరిగ్గా లేవవు. ఉబుంటు, మింట్‌లలో దీనికో ఫైలుంది. "ఈటీసీ" ఫోల్డర్‌లో "నెట్‌వర్క్‌మేనేజర్", ఎన్, ఎం పెద్దబడి. అందులో "కాన్ఫ్ డాట్ డి" అనే ఫోల్డర్. దాంట్లో "డిఫాల్ట్ వైఫై పవర్‌సేవ్" అని మొదలయ్యే ఫైలు. సుడోతో తెరిస్తే రెండే లైన్లు, రెండోదాని చివర 3 ఉంటుంది. దాన్ని 2 చేసి, సేవ్ చేసి, రీస్టార్ట్ చేయండి. 3 అంటే పొదుపు ఆన్, 2 అంటే ఆఫ్. వైఫై కోసం నేను ఏ లాప్‌టాప్‌లోనైనా మొదట మార్చేది ఇదే. బ్యాటరీ కొద్దిగా తగ్గుతుంది, క్లాసు మాత్రం తెగదు.

## కేబుల్ పెట్టాక

కేబుల్ గట్టిగానే పెట్టాను. "కేబుల్ అన్‌ప్లగ్డ్" అనే చూపిస్తోంది.

పోర్టు పక్కన చిన్న లైట్లుంటాయి. రెండు చివరలా లైటు లేకపోతే లైనక్స్‌ని వదిలేసి వైరు చూడండి. అంతర్వేది, పేరుపాలెం వైపు సముద్రపు గాలికి కనెక్టర్‌లో పళ్ల మీద పచ్చటి చిలుము పడుతుంది. నాలుగైదు సార్లు పెట్టి తీస్తే ఒక్కోసారి గీసుకుని పనిచేస్తుంది, అది వారం ముచ్చట. కనెక్టర్ కత్తిరించి కొత్తది వేయాలి.

మీరే వేస్తే, క్లిప్పు కిందికి, బంగారు పళ్లు పైకి, వైరు మీవైపు ఉండేలా పట్టుకోండి. ఎడమ నుంచి వరుస: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. రెండు చివరలా ఇదే వరుస. మూడో తీగ, ఆరో తీగ ఒకే జత, మధ్యలో నీలం దూరింది. తెలియనివాళ్లు రంగులు జతలు జతలుగా పేర్చేస్తారు. అలాంటి వైరు గజం పొడవుంటే ఏదోలా పనిచేస్తుంది, ఇంటి పొడవునా లాగితే పడుతూ లేస్తూ ఉంటుంది.

ఇంటి నుంచి రొయ్యల చెరువు షెడ్డుకి నెట్ వైరు లాగామండి, 160 మీటర్లు. లైటు వెలిగి ఆరిపోతోంది.

ఈ ప్రశ్న భీమవరం చుట్టుపక్కల నుంచి ఏటా వస్తుంది. రాగి నెట్ వైరుకి గరిష్ఠ దూరం 100 మీటర్లు. అది ఎవరో ఊరికే పెట్టిన హద్దు కాదు, ఆ పైన సిగ్నల్ అరిగిపోతుంది. పైగా బజార్లో చవగ్గా దొరికే వైర్లలో చాలావాటికి పైన రాగి పూత, లోపల అల్యూమినియం. వాటితో 100 కూడా కష్టం. లైనక్స్‌లో స్పీడు తగ్గించి నెట్టుకొచ్చినవాళ్లున్నారు, మొదటి వానకే తిరిగొచ్చారు.

సరైన పని ఫైబర్ లాగడం. రెండు చివరలా మీడియా కన్వర్టర్ అనే చిన్న డబ్బా పెడతారు, ఇటు ఫైబర్, అటు మామూలు నెట్ వైరు. దూరం సమస్యే కాదు, ఇంకో పెద్ద లాభం పిడుగు. చెరువు గట్ల మీద ఆరుబయట రాగి వైరు లాగడమంటే ఉరుముల వేళ మీ కంప్యూటర్ దాకా పిడుగుకి దారి వేసినట్టే. ఫైబర్‌లో గాజు తప్ప లోహపు తీగ ఉండదు. దన్నుకి ఇనప తీగ ఉన్న రకమైతే ఆ తీగని డబ్బాల దాకా తేకుండా ముందే కత్తిరించమనండి. వైరు తవ్వి పాతే వీలు లేకపోతే రెండు వైర్‌లెస్ డిష్‌లు ఎదురెదురుగా పెట్టొచ్చు, మధ్యలో కొబ్బరిచెట్లు అడ్డం లేకుండా ఉంటేనే. మొక్కగా ఉన్నప్పుడు అడ్డం రాని చెట్టు నాలుగేళ్లకి వస్తుంది, అది లెక్కేసుకుని ఎత్తు పెట్టించుకోండి.

300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా, కేబుల్ పెడితే 95 దాటట్లేదు.

95 అనే అంకె చూడగానే చెప్పొచ్చు, లింకు 100 దగ్గర కుదురుకుంది. నెట్ వైరులో ఎనిమిది తీగలు. 1000 స్పీడుకి ఎనిమిదీ కావాలి, 100 స్పీడుకి నాలుగు చాలు. నీలమో గోధుమో ఒక తీగ తెగినా నెట్ ఆగదు, చప్పుడు చేయకుండా 100కి దిగిపోతుంది. ఉబుంటు సెట్టింగ్స్‌లో వైర్డ్ పక్కనే ఆ స్పీడు రాసి ఉంటుంది. వైరు మార్చి చూడండి. మంచి వైరుకి కూడా 100 అంటే పోర్టు పాతది, కంప్యూటర్‌దో రౌటర్‌దో.

"వైర్డ్ అన్‌మేనేజ్డ్" అని రాసుంది. సెట్టింగ్స్‌లో ఏమీ మార్చనివ్వట్లేదు.

డెబియన్‌లో తరచూ వస్తుంది. ఈటీసీలో "నెట్‌వర్క్" అనే ఫోల్డర్‌లో "ఇంటర్‌ఫేసెస్" అనే ఫైలుంటుంది. మీ పోర్టు పేరు అందులో రాసి ఉంటే, దాని సంగతి ఆ ఫైలే చూసుకుంటుందని నెట్‌వర్క్ మేనేజర్ (సెట్టింగ్స్ వెనక నెట్ నడిపే ప్రోగ్రాం) తప్పుకుంటుంది. ఆ పేరున్న లైన్ల ముందు హాష్ (#) గుర్తు పెట్టి రీస్టార్ట్ చేయండి. ఎల్ ఓ ఉన్న లైన్లు ముట్టుకోకండి.

సీసీటీవీ డబ్బాకి కేబుల్ పెట్టగానే వైఫై నెట్ పోతోంది. కేబుల్ తీస్తే వస్తోంది.

కేబుల్, వైఫై రెండూ ఉంటే లైనక్స్ కేబుల్‌నే నమ్ముతుంది. కేబుల్ దారికి 100, వైఫై దారికి 600 అని లెక్క వేసుకుంటుంది, తక్కువ ఉన్నదే ముందు. పాపం దానికి అటువైపు ఉన్నది కెమెరాల డబ్బా అని, నెట్ కాదని తెలియదు. సెట్టింగ్స్‌లో వైర్డ్ కనెక్షన్‌కి ఐపీవీ4 తెరిచి, అడుగున "ఈ కనెక్షన్ని దాని నెట్‌వర్క్‌కి మాత్రమే వాడు" అనే అర్థంతో ఉన్న టిక్కు పెట్టండి. కెమెరాలు కేబుల్‌లో, నెట్ వైఫైలో, రెండూ నడుస్తాయి.

## కనెక్ట్ అయింది, నెట్ మాత్రం లేదు

వైఫై గుర్తు నిండుగా ఉంది. ఏ సైటు పేరు కొట్టినా తెరుచుకోదు, 8.8.8.8 పింగ్ మాత్రం అవుతోంది.

పేరుని నంబరుగా మార్చే డీఎన్ఎస్ పనిచేయట్లేదు. ఫోన్ ఉంది గానీ నంబర్ల పుస్తకం పోయింది. సెట్టింగ్స్‌లో మీ కనెక్షన్ పళ్లచక్రం నొక్కి, ఐపీవీ4లో డీఎన్ఎస్ దగ్గర ఆటోమేటిక్ ఆపి, 1.1.1.1, 8.8.8.8 అని మధ్యలో కామాతో రాయండి. అప్లై కొట్టాక కనెక్షన్ ఒకసారి ఆపి వేయాలి, లేకపోతే పాతదే నడుస్తుంది. "రిసాల్వ్ డాట్ కాన్ఫ్" అనే ఫైలు నేరుగా మార్చమని ఎవరైనా చెబితే వినకండి. ఉబుంటులో ఆ ఫైలుని సిస్టమ్ తనే రాసుకుంటుంది, మీరు రాసింది రీస్టార్ట్‌తో పోతుంది.

కేబుల్ ఆపరేటర్ కుర్రాడు "విండోస్‌లోనే వస్తుందండి, లైనక్స్‌లో రాదు" అంటున్నాడు. నిజమా?

కాదు. పాపం అతనికి చూపించిన బొమ్మలు విండోస్‌వి, అంతే. అతన్ని రెండు ప్రశ్నలడగండి.

మొదటిది, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఎక్కడ కొడతాం? రౌటర్‌లో అయితే మీ కంప్యూటర్‌కి పనేం లేదు, కేబుల్ పెట్టి ఆటోమేటిక్‌లో వదిలేయండి. కంప్యూటర్‌లోనే అంటే అది పీపీపీఓఈ, అంటే యూజర్ నేమ్ కొట్టి కలిసే లైను. ఉబుంటులో "అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్" తెరిచి, ప్లస్ నొక్కి, డీఎస్ఎల్ అనే రకం ఎంచుకుని, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇస్తే చాలు. సర్వీస్ అని ఉన్నచోట ఖాళీగా వదిలేయండి. అక్కడ కంపెనీ పేరు రాసి గంటలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

రెండోది, మ్యాక్ అడ్రస్ (నెట్ కార్డుకి ఉండే సొంత నంబరు) కట్టేశారా? కొందరు మొదట కలిపిన కంప్యూటర్ నంబరుకే లైను కట్టేస్తారు. కంప్యూటర్ మార్చినా, డాంగిల్ మార్చినా నెట్ రాదు. కొత్త నంబరు చెప్పి మార్పించుకోండి. అందాకా ఆగలేకపోతే, పాత కంప్యూటర్ మీదే అయితే, దాని నంబరుని సెట్టింగ్స్‌లో ఐడెంటిటీ కింద "క్లోన్డ్ అడ్రస్" దగ్గర పెట్టుకోవచ్చు. రెండు కంప్యూటర్లూ ఒకేసారి వేయకండి.

కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, బ్యాంకు సైటు తెల్లగా తిరుగుతూనే ఉంటుంది.

పీపీపీఓఈ లైన్ల మీద ఇది మామూలే. నెట్‌లో సమాచారం ప్యాకెట్లనే ముక్కలుగా వెళ్తుంది. మామూలు ప్యాకెట్ 1500 బైట్లు, పీపీపీఓఈ తన వాటాకి 8 తీసుకుంటుంది, 1492 మిగులుతుంది. పెద్ద ప్యాకెట్ ఇరుకుదారిలో ఇరుక్కుంటుంది, చిన్నవి దూరిపోతాయి. అందుకే కొన్నే తెరుచుకుంటాయి. కనెక్షన్ సెట్టింగ్స్‌లో ఐడెంటిటీ కింద ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) దగ్గర 1492 పెట్టండి. కుదరకపోతే 1400 పెట్టి చూడండి, దాంతో తెరుచుకుంటే రోగం ఇదే.

లాప్‌టాప్ ఆఫీసులో పనిచేస్తుంది, ఇంట్లో "కనెక్టెడ్" అంటుంది గానీ ఏదీ రాదు.

ఆఫీసులో ఐపీ చేత్తో పెట్టి ఉంటారు. కనెక్షన్‌లో ఐపీవీ4 దగ్గర మాన్యువల్ ఉంటే ఆటోమేటిక్ చేయండి. ఆఫీసుకి మళ్లీ అదే కావాలంటే పాతది మార్చకుండా ఇంటికని ఇంకో ప్రొఫైల్ పెట్టుకోండి. మార్చే ముందు పాత నంబర్లు ఫోటో తీసుకోండి.

## వాన, కరెంటు, పిడుగు

గాలివానకి కరెంటు పోయి వచ్చింది. అప్పట్నుంచి ఏ సైటుకెళ్లినా "సురక్షితం కాదు" అంటోంది.

తేదీ చూడండి. ఒక నెట్ సెంటర్‌లో పరీక్ష ఫీజుల ఆఖరి రోజు ఇదే జరిగింది. బయట పిల్లల వరుస, లోపల నాలుగు కంప్యూటర్లలో ఒకటి ఏ సైటూ తెరవదు. వైరు మార్చారు, రౌటర్ ఆపి వేశారు, బ్రౌజర్ తీసేసి మళ్లీ వేశారు. నేను వెళ్లేసరికి మూలనున్న గడియారం రెండేళ్ల వెనక తేదీ చూపిస్తోంది. సైటు ఇచ్చే సర్టిఫికెట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని ఉంటుంది. కంప్యూటర్ ఇంకా ఆ మొదటి తేదీకే రాలేదనుకుంటే ఒప్పుకోదు.

సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్ ఆటోమేటిక్ చేయండి, నెట్ తగలగానే తనే సరిచేసుకుంటుంది. ఆ నెట్ సెంటర్‌లో దాన్నెవరో ఆపేశారు. కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ వెనక్కెళ్తుంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. సీఆర్ 2032, మూడు వోల్టులు, గడియారాల షాపులో దొరుకుతుంది.

ఇన్వర్టర్ ఉంది. అయినా కరెంటు పోయిన క్షణం నెట్ పోయి, పది నిమిషాలకి గానీ రాదు.

ఇన్వర్టర్ మారే రెప్పపాటులో బాక్సు, రౌటర్ రెండూ రీస్టార్ట్ అవుతాయి. ఫైబర్ బాక్సు లేచేలోపే రౌటర్ లేచి, నెట్ లేదని తేల్చేసుకుని కూర్చుంటుంది. రౌటర్ ఆపి, బాక్సు మీద పాన్ (పి, ఓ, ఎన్) అని రాసి ఉన్న లైటు నిలకడగా వెలిగాక వేయండి. శాశ్వతంగా పోవాలంటే రౌటర్‌కి వేరే పెట్టే చిన్న 12 వోల్టుల యూపీఎస్ కొనండి. మీ బాక్సు, రౌటర్ అడాప్టర్ల మీద వోల్టులు, ఆంపియర్లు చూసుకుని కొనాలి, అన్నీ 12 కావు.

పిడుగు పడ్డాక కంప్యూటర్ పనిచేస్తోంది, కేబుల్ పోర్టే పనిచేయట్లేదు.

పోర్టు కాలింది. మదర్‌బోర్డు మార్చక్కర్లేదు. యూఎస్‌బీకి పెట్టే నెట్ అడాప్టర్ దొరుకుతుంది, లైనక్స్ చాలావాటిని పెట్టగానే గుర్తుపడుతుంది. ఇకముందు ఉరిమితే కరెంటు ప్లగ్గుతో పాటు నెట్ వైరు కూడా పీకండి. పిడుగు కరెంటు ప్లగ్గులోంచే వస్తుందని అందరూ అనుకుంటారు.

లైను వచ్చేదాకా ఫోన్ హాట్‌స్పాట్ వాడుతున్నా. గంటలో రోజు డేటా అయిపోయింది.

అప్‌డేట్లు దించుకుంది. ఉబుంటులో ఆ వైఫై వివరాల్లో "మీటర్డ్ కనెక్షన్" టిక్కు పెడితే పెద్దవి దించడం ఆపుతుంది. ఆ ఒక్క హాట్‌స్పాట్‌కే వర్తిస్తుంది, ఇంటి వైఫైకి కాదు.

## అన్నీ అయ్యాక

ఎవరో చెప్పిన కమాండ్లు పది కొట్టాను. ఇప్పుడు ముందున్నది కూడా పోయింది.

ఏం మార్చారో మీకే గుర్తు లేనప్పుడు ఒక్కొక్కటీ వెనక్కి తిప్పడం వృథా. లైనక్స్ వేసిన పెన్‌డ్రైవ్ ఉంటుంది కదా, దాంతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా "ట్రై" అని నడపండి. అందులో నెట్ వస్తే కార్డు, వైరు, రౌటర్ అన్నీ మంచివే, చెడింది మీ సెట్టింగులే. మళ్లీ మీ సిస్టమ్‌లోకి వచ్చి ఆ పేరున్న కనెక్షన్లన్నీ తీసేసి కొత్తగా కలపండి. దాంతోనూ రాకపోతే, ఫైళ్లు బయట దాచుకుని సిస్టమ్ మళ్లీ వేయడం అరగంట పని, రాత్రంతా వెతకడం కంటే నయం. పెన్‌డ్రైవ్‌లో కూడా రాకపోతే తప్పు సెట్టింగుల్లో లేదు.

ఏం చేసినా రాలేదండి. మిమ్మల్నో ఇంకొకర్నో అడగాలంటే ఏమేం చెప్పాలి?

"నెట్ రావట్లేదు" అని మాత్రం చెప్పకండి. ఏ లైనక్స్, ఏ వెర్షను. కేబులా, వైఫైయా. అదే నెట్ ఫోన్‌లో, మొబైల్ డేటా ఆపి చూస్తే వస్తోందా. ఎప్పటిదాకా వచ్చింది, ఆ రోజు ఏం మారింది: అప్‌డేటా, వానా, కొత్త రౌటరా. వైఫై కార్డు ఏదో తెలియాలంటే "ఎల్ఎస్‌పీసీఐ" అని కలిపి కొట్టండి, నెట్‌వర్క్ అని ఉన్న లైనులో పేరుంటుంది. డాంగిల్ అయితే "ఎల్ఎస్‌యూఎస్‌బీ".

తెర ఫోటో తీసి పంపేటప్పుడు అడ్డంగా, పూర్తిగా, వెలుతురులో తీయండి. వైఫై పాస్‌వర్డ్, ఆపరేటర్ ఇచ్చిన యూజర్ నేమ్ కనపడకుండా చూసుకోండి. ఇక ఫోన్ చేసేటప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని చేయండి. చెరువు గట్టు మీద నుంచి చేసి "ఇంటికెళ్లి చూసి చెప్తానండి" అంటే ఇద్దరికీ రెండు ఫోన్లు.